వలలు పొద్దున్నే ఎందుకు కట్టేశారు?

ఈసారి మా శీర్షికకి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం తుఫాను, వరద, పిట్టల గురించే. నాలుగింటికి జవాబు రాస్తున్నా. మొదటిదానికి కాస్త ఎక్కువ జాగా తీసుకున్నా, ఏమనుకోకండి.

ప్రశ్న: మేడం, మాది అల్లూరు. మావాడు నెల్లూరులో డిగ్రీ చదువుతున్నాడు. మొన్న తుఫాను పోయిన నాలుగో రోజు ఇస్కపల్లి వైపు పిట్టల కాళ్ళకి రింగులేసే క్యాంపు ఉందని, వాలంటీర్‌గా పేరిచ్చానని, రాత్రి మూడింటికే లేచి ఫ్రెండు బండెక్కి పొయ్యినాడు. తిరిగొచ్చి మొహం మాడ్చుకుని కూర్చున్నాడు. ఏందిరా అంటే, ఎనిమిది కూడా కాకముందే వలలు కట్టేశారంట, పట్టినవాటిలో సగానికి రింగే వెయ్యకుండా వదిలేశారంట, మిగతా పొద్దంతా కట్టల మీద నడిపించి చచ్చిన పిట్టల్ని లెక్క రాయించారంట. దీనికా నిద్ర మానుకుని పొయ్యింది అని వాడి బాధ. నా బాధ వేరే. వరదకి అల్లాడిపోయిన పిట్టని పట్టుకుని కాలికి రేకు తగిలించడం పాపం కాదా? ఆ మూడు రోజులూ మేమే ఇంట్లో నీళ్ళొచ్చి బళ్ళో పడుకున్నాం.

జవాబు: అమ్మా, ముందు మీ ఇంట్లో బురదంతా ఎత్తిపోసుకుని మళ్ళీ పొయ్యి వెలిగించుకున్నారని అనుకుంటున్నా. మీవాడికి చెప్పండి, వాడు వెళ్ళింది మంచి టీమ్ దగ్గరికే. వలలు తొందరగా కట్టేసే వాళ్ళ దగ్గరే ఈ పని నేర్చుకోవాలి. ఆ క్యాంపులో నేను లేను గానీ అలాంటి పొద్దులు చూశాను, రాతపని చేసే మనిషిగా పక్కన కూర్చున్నాను, కాబట్టి అక్కడ ఏం జరిగి ఉంటుందో చెప్పగలను.

ఆ వలని మిస్ట్ నెట్ అంటారు. సన్నటి నల్ల నైలాన్ దారం, పన్నెండు మీటర్ల దాకా పొడవు, మనిషి కంటే ఎత్తు. సర్వి తోపు పక్కనో సర్కారు తుమ్మ పొదల అంచునో రెండు కర్రలు నాటి కడితే పక్కనే నిలబడినా సరిగ్గా కనపడదు. అడ్డంగా తాళ్ళుంటాయి, తాడుకీ తాడుకీ మధ్య వల వదులుగా వేలాడుతుంది, ఎగిరొచ్చిన పిట్ట దానికి తగిలి ఆ వదులులో పడిపోతుంది. మామూలుగా దెబ్బేమీ తగలదు, కానీ తనంతట తను బయటికి రాలేదు. మనమెళ్ళి తీసేదాకా అది మన పూచీ. అందుకే మామూలు రోజుల్లోనే అరగంట దాటనివ్వకుండా వలలన్నీ తిరిగి చూస్తారు, ఎండెక్కినా గాలి లేచినా చినుకు పడ్డా మూసేస్తారు. తుఫాను పోయిన వారంలో ఆ అరగంట కూడా ఎక్కువే.

చలికాలంలో మన పొదల్లో టక్ టక్‌మని అరిచే చిన్న గోధుమరంగు పిట్ట ఒకటుంటుంది, బ్లైత్స్ రీడ్ వార్బ్లర్ అంటారు. రష్యా, మధ్య ఆసియా వైపు నుంచి మన దగ్గరికొస్తుంది. బరువు పది పన్నెండు గ్రాములు. ఇంత చిన్న ప్రాణికి ఒంట్లో దాచుకున్న కొవ్వే రాత్రి తిండి, తెల్లారేసరికి అదీ చాలావరకు కరిగిపోతుంది, కాబట్టి వెలుగు రాగానే పురుగులు వెతుక్కోవాలి. రెండు రోజులు కుండపోతగా కురిస్తే పురుగులు బయటికి రావు, ఈకలు తడిసి పిట్ట కదల్లేదు. తెరిపిచ్చాక ఆకలితో బయటికొచ్చిన మొదటి గంటే దానికి ప్రాణం, సరిగ్గా ఆ గంటలోనే మన వల అడ్డంగా ఉంటుంది. ఇక ఉప్పు మడుల్లో తిరిగే లిటిల్ స్టింట్ అనే చిన్న ఉల్లంకి సంగతి చూడండి. మోకాలి కింద దాని కాలు రెండు సెంటీమీటర్లు. నీళ్ళు అంతకంటే లోతైతే అది బురదలో ముక్కు పెట్టలేదు, తిండి లేదు. మడులన్నీ మునిగి ఏకమైన రోజున అవన్నీ వచ్చి మిగిలిన కట్టల మీద ఒకదాన్నొకటి ఒరుసుకుని నిలబడతాయి. ఆ రోజు వాటిని పట్టడం చాలా సులువు. సులువుగా దొరికే రోజునే పట్టకూడదని నా అభిప్రాయం, గాలివాన తెరిపిచ్చిన మర్నాడైతే అసలు వలే విప్పకూడదు. నాలుగో రోజంటే, జాగ్రత్త తెలిసినవాళ్ళు కొద్దిసేపు విప్పి చూసి పరిస్థితిని బట్టి నిర్ణయించుకునే రోజు. మీవాడి టీమ్ చేసింది అదే.

ఎలా నిర్ణయించుకుంటారంటే, పిట్ట వొంటినే అడుగుతారు. వల్లోంచి తీసేటప్పుడు అది ఏ వైపు నుంచి పడిందో చూసుకుని, ముందు కాళ్ళు, తర్వాత రెక్కలు, తల చివర్న, వచ్చిన దారినే వెనక్కి తెస్తారు. గుడ్డసంచిలో వేసి తెచ్చి, మెడ చూపుడువేలికీ మధ్యవేలికీ మధ్య, వీపు అరచేతికి ఆనేలా పట్టుకుంటారు, నొక్కరు. అప్పుడు రింగులేసే ఆయన దాని గొంతు కింద మెల్లగా ఊదుతాడు. ఈకలు విడిపోయి చర్మం కనపడుతుంది, ఎంత పలచనంటే లోపలున్నది పైకే తెలుస్తుంది. బాగా తిన్న పిట్టకి గొంతు కింద గుంటలో పసుపుపచ్చగా కొవ్వు నిండుంటుంది. తుఫాను తిన్న పిట్టకి ఆ గుంట ఖాళీగా, ముదురు ఎరుపుగా ఉంటుంది. ఇంకొంచెం కిందికి ఊదితే రొమ్ము ఎముక కత్తి అంచులా పైకి తేలి, రెండు పక్కలా కండ లోపలికి పోయుంటుంది. ఒకసారి చూస్తే మర్చిపోలేరు. అలాంటిది చేతిలోకి రాగానే ఆయన రింగుల డబ్బా వైపు కూడా చూడడు. సంచితో సహా తూకం కాటాకి తగిలించి, సంచి బరువు తీసేసి అంకె చెప్తాడు, "రాసుకోమ్మా, రింగు వద్దు" అంటాడు, తనే లేచి వెళ్ళి పొదలో కొమ్మ మీద దించి వస్తాడు. గాల్లోకి ఎగరెయ్యరు, ఎగరేస్తే పడిపోతుంది. వరసగా రెండు మూడు అలాంటివే వస్తే వలలు చుట్టి కట్టేస్తారు. వాలంటీర్లు ఎంత దూరం నుంచొచ్చారు, ఎంత డీజిలు ఖర్చయింది అన్నది అప్పుడు లెక్కలోకి రాదు, రాకూడదు కూడా.

మరి రింగెయ్యని పిట్ట వృథాయేనా అంటే, కాదు. పోయిన చలికాలం అదే సర్వి తోపు దగ్గర అదే జాతి పిట్టలు ఎంత తూగాయో పుస్తకంలో ఉంటుంది, ఇప్పుడెంతో దాని పక్కన రాస్తారు. రింగు లేకపోయినా ఈ రెండంకెలూ పక్కపక్కన ఉంటే తుఫాను పిట్ట ఒంట్లోంచి ఎంత లాక్కుపోయిందో తెలుస్తుంది. ఇంకో సంగతి, వల్లో ఒక్కోసారి పాత రింగున్న పిట్ట పడుతుంది. అప్పుడు టేబుల్ దగ్గర హడావుడి చూడాలి మీరు! ఒకరు నంబరు రెండుసార్లు చదువుతారు, రాసేవాళ్ళు తిరిగి చదివి వినిపిస్తారు, పాత పుస్తకం తిరగేస్తారు. ఇదే పొదలో ముందెప్పుడో రింగేసిన పిట్ట వేల కిలోమీటర్లు పొయ్యి, గుడ్లు పెట్టి, మళ్ళీ ఇక్కడికే వచ్చి, ఈ వరదని కూడా దాటి బతికుందని ఆ ఒక్క నంబరు చెప్తుంది. ఇంకే దారిలోనూ మనకది తెలియదు. చచ్చిన పిట్టల లెక్క కూడా అంతే ముఖ్యం. ఏ కట్ట మీద ఏ జాతివి ఎన్ని పడున్నాయో ఆ వారంలో ఎవరూ నడిచి రాయకపోతే, నెల తర్వాత కుక్కలూ నక్కలూ తినేసి, అసలేమీ జరగనట్టే ఉంటుంది. మీవాడికి చేతికి గ్లౌజులిచ్చారో లేదో మాత్రం అడగండి. 2024 ఫిబ్రవరిలో మన జిల్లాలోనే చాటగుట్ల, గుమ్మళ్ళదిబ్బ కోళ్ళకి బర్డ్ ఫ్లూ వచ్చింది కదా, అప్పట్నుంచి చచ్చిన పిట్టని ఒట్టిచేత్తో తాకొద్దని అందరికీ చెప్తున్నా.

పాపం సంగతి. ఆ రింగు అల్యూమినియం, పిట్ట కాలి మందాన్ని బట్టి సైజులుంటాయి, మామూలుగా దాని బరువు పిట్ట బరువులో వందో వంతు కూడా ఉండదు. కాలి చుట్టూ వదులుగా తిరుగుతుంది, గుచ్చుకోదు. ఈ పద్ధతి మొదలై చాలాకాలమైంది, 1899లో డెన్మార్క్‌లో మోర్టెన్సెన్ అనే మాస్టారు గోరింకల జాతి పిట్టలకి అడ్రసు, నంబరు కొట్టిన అల్యూమినియం రింగులు వేశాడు. మన దేశంలో పెద్ద ఎత్తున జరిగింది 1959 నుంచి, పక్షి శాస్త్రవేత్త సాలిం అలీ గారి ఆధ్వర్యంలో, బాంబే నాచురల్ హిస్టరీ సొసైటీ వాళ్ళు ప్రపంచ ఆరోగ్య సంస్థ సాయంతో చేశారు. కర్ణాటక అడవుల్లో 1957లో బయటపడ్డ క్యాసనూర్ జ్వరం వలస పిట్టల ఒంటి మీది గోమార్ల ద్వారా వచ్చిందేమో అన్న అనుమానం దాని వెనక ఉంది. అంటే మనుషుల ఆరోగ్యం కోసం కూడా పనికొచ్చిన పనే. అయినా మీరు పడ్డ బాధ తప్పు కాదమ్మా. పట్టుకోవడం పిట్టకి భయమే, ఎంత మెల్లగా పట్టినా భయమే. అందుకే అటవీశాఖ రాతపూర్వక అనుమతి, నేర్చుకున్న చెయ్యి, ఈ రెండూ లేకుండా ఎవరూ వల వెయ్యకూడదు. అవి రెండూ ఉన్నా తుఫాను వారంలో వెయ్యాలా వద్దా అని రెండోసారి ఆలోచించాలి. ఎన్నిటికి రింగేశామో అని ఫోటోలు పెట్టుకునే గుంపు ఎక్కడన్నా కనపడితే మీవాణ్ణి అటు పంపకండి.

ప్రశ్న: ముత్తుకూరు దగ్గర రొయ్యల గుంటల మీద వాచ్‌మెన్‌గా చేస్తున్నాను. వరద తీశాక కట్ట మీద చిన్న ఉల్లంకి పిట్ట చచ్చిపడుంది, ఒక కాలికి తెల్ల రింగు, ఇంకో కాలికి రంగు ప్లాస్టిక్ ముక్కలు రెండు. పోర్టు పక్కనే కదా, ఇది గూఢచారి పిట్ట, మనకెందుకు పారెయ్ అన్నాడు మా ఓనరు. నేను ఫోన్లో ఫోటో తీసిపెట్టుకున్నా. ఎవరికన్నా చెబితే కేసంటారా?

జవాబు: ఫోటో తీసి ఉంచినందుకు మీకు నిజంగా చాలా థ్యాంక్స్ అన్నా. రింగెయ్యడం సగం పనే, ఆ నంబరు ఎవరో ఒకరు చూసి చెప్పినప్పుడే మిగతా సగం, అది చేసేది మీలాగా గుంటల మీద, పడవల మీద, కయ్యల్లో ఉండేవాళ్ళే.

కేసు ఉండదు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అనుమతి లేకుండా పట్టడం, చంపడం నేరం. దొరికిందని చెప్పడం నేరం కాదు. గూఢచారి సంగతికొస్తే, 2023లో ముంబయిలో పోర్టు దగ్గర ఒక పావురాన్ని ఇదే అనుమానంతో పట్టుకుని, ఎనిమిది నెలలు పశువుల ఆసుపత్రిలో బోనులో ఉంచారు, కాలికి రింగులు, రెక్కల మీద చైనా లిపిలాంటి రాత ఉన్నందుకు. చివరికి తేలిందేమంటే అది తైవాన్ వాళ్ళ పందెం పావురం, 2024 జనవరి ఆఖర్లో వదిలిపెట్టారు. మన వైపు కూడా చెన్నైలో పావురాల పందేలు ఆడే క్లబ్బులు ఎక్కువ, దారి తప్పినవి మన డాబాల మీద వాలుతుంటాయి, వాటికి క్లబ్బు రింగులుంటాయి. మీకు దొరికిన ఉల్లంకిది మాత్రం అలాంటిది కాదు, శాస్త్రం కోసం వేసినదే.

ఏం చెయ్యాలంటే, పిట్ట ఇంకా అక్కడే ఉంటే తాకకండి, రింగు విప్పకండి. ఫోటోని పెద్దది చేసి రింగు మీద రాత ఉన్నది ఉన్నట్టు కాగితం మీద ఎక్కించండి, అక్షరాలు, అంకెలు, ఒక్కటీ వదలకుండా, చెరిగినచోట చెరిగిందని రాయండి. మన దేశంలో వేసినదైతే ముంబయిలోని బాంబే నాచురల్ హిస్టరీ సొసైటీ పేరు, ఇన్ఫార్మ్ అనే మాట ఉంటాయి. రష్యాలో వేసిన వాటి మీద మాస్క్వా, అంటే మాస్కో, అని ఉంటుంది. ప్లాస్టిక్ ముక్కల్ని ఫ్లాగులంటారు, రంగుల జతని బట్టి ఏ దేశం, ఏ తీరం అన్నది తెలుస్తుంది, అందుకే ఏ కాలికి ఉంది, మోకాలి పైనా కిందా, పై రంగేది కింది రంగేది అన్నది రాయాలి. మనకి ఎదురుగా నిలబడ్డ పిట్ట ఎడమకాలు మన కుడివైపుంటుంది, అక్కడ చాలామంది పొరపడతారు. తేదీ, ఊరు, ఎలా చచ్చినట్టుంది, ఇవన్నీ రాసి ఫోటోతో పాటు మీ దగ్గర్లోని అటవీ రేంజి ఆఫీసులో ఇవ్వండి, ముంబయి సొసైటీకి మెయిల్ కూడా పెట్టొచ్చు, మీ ఇంట్లో పిలకాయల చేత పెట్టించండి. అది ఎక్కడ, ఎప్పుడు రింగేసిన పిట్టో మీకు కబురు చెప్తారు. ఆ కబురు వస్తే మాకూ రాయండి, ఇక్కడ వేస్తాం.

ప్రశ్న: ప్రకాశం జిల్లా కొత్తపట్నం నుంచి. తుఫాను రాత్రి మా పంచలో ఒక పిట్ట పడింది. వీపంతా నలుపు, కింద తెలుపు, నుదురు తెలుపు, పొడుగు రెక్కలు, తోక చీలుంది. మా ఊళ్ళో ముసలోళ్ళు కూడా ఇలాంటిది చూడలేదన్నారు. నోరు తెరిచి నీళ్ళు పోశాం, అన్నం పెట్టాం, తినలేదు, తెల్లారి చచ్చిపోయింది. మేమేం చెయ్యాల్సింది?

జవాబు: మీరు రాసిన గుర్తుల్ని బట్టి అది సూటీ టెర్న్ అయ్యుండాలి, నడిసముద్రం పిట్ట. గూడు వదిలాక ఏళ్ళ తరబడి నేల మీద వాలకుండా గాల్లోనే గడిపే జాతి అది, అందుకే ఒడ్డున ఉండే ముసలోళ్ళు కూడా చూసుండరు. తుఫాను గాలి ఇలాంటివాటిని లోపలికి తోసేస్తుంది. అవి పడేసరికే ఒంట్లో ఏమీ మిగలదు, మీవల్లే పోయిందని బాధపడకండి.

ఇంకోసారి ఇలా జరిగితే: అట్టపెట్టెకి గాలి రంధ్రాలు పొడిచి, అడుగున పాత తువ్వాలు వేసి, పిట్టని పొడి గుడ్డతో కప్పి పట్టుకుని అందులో పెట్టి, చీకట్లో, వెచ్చగా, పిల్లులూ పిలకాయలూ రానిచోట ఉంచండి. నోట్లో నీళ్ళు పొయ్యొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. అన్నం, పాలు, బ్రెడ్డు వద్దు. పట్టుకునేటప్పుడు మీ కళ్ళకి దూరంగా పట్టుకోండి, భయపడ్డ పిట్ట ముక్కుతో పొడుస్తుంది, తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోండి. అటవీశాఖ వాళ్ళకి ఫోన్ చెయ్యండి. ఇవన్నీ చేసినా చాలావరకు బతకవు. అయినా ఫోటో, తేదీ, ఊరు రాసి ఉంచండి, ఏ తుఫానుకి ఏ పిట్టలు ఎంత లోపలికొచ్చాయో తెలిసేది ఇలాంటి రాతల వల్లే.

మీ ఉత్తరం చివర్న, ఒడ్డుకి కొట్టుకొచ్చిన పాత వలల్లో కొంగలు చిక్కుకుని చచ్చాయని రాశారు. అది చదివి నాకు చాలా కోపం, బాధ రెండూ వచ్చాయి. తెగిన నైలాన్ వల ఏళ్ళు గడిచినా కుళ్ళదు, మనిషి వదిలేసినా అది పట్టడం ఆపదు. బతికున్నది కనపడితే లాగొద్దు, ముందు తల మీద గుడ్డ వెయ్యండి, ఒకరు రెక్కలు ఒంటికి ఆనించి పట్టుకోవాలి, ఇంకొకరు కత్తెరతో వలనే ముక్కలుగా కోసెయ్యాలి. కాలికి, రెక్క మడతలో దారం మిగిలిందేమో చూసి మరీ వదలండి. ఆ వలల్ని పోగేసి ఒడ్డు నుంచి తీయించే పని మీ ఊరి పెద్దల చేత పెట్టించగలిగితే, ఏ రింగుల క్యాంపు కంటే అది ఎక్కువ పిట్టల్ని కాపాడుతుంది.

ప్రశ్న: మేడం, సూళ్లూరుపేటలో ఇంటర్ చదువుతున్నాను. నేలపట్టు పక్షుల కేంద్రంలో తుఫానుకి గూళ్ళు పడిపోయి ఉంటాయి కదా, అక్కడ పిట్టపిల్లలకి రింగులేసే పనిలో చేరాలంటే ఎలా? మా అమ్మ ఒప్పుకుంది.

జవాబు: అమ్మ ఒప్పుకున్నందుకు ముందు అమ్మకి నమస్కారం చెప్పు తల్లీ. గూళ్ళున్న కాలంలో నేలపట్టు చెరువులోకి ఎవరూ దిగకూడదు, మనిషి దగ్గరికొస్తే పెద్ద పిట్టలు లేచిపోతాయి, కాకులూ గద్దలూ ఆ సందులో గుడ్లు ఎత్తుకుపోతాయి. గట్టు మీద నుంచి, వాచ్‌టవర్ మీద నుంచి చూడాలంతే. గాలికి కొమ్మలు విరిగి కొన్ని గూళ్ళు పొయ్యే ఉంటాయి, నిజమే. కానీ అక్కడ గూడబాతులు గూళ్ళు కట్టే కడప చెట్లు నీళ్ళలో నిలబడి బతికే జాతి, చెరువు నిండిన ఏడే గూళ్ళు కళకళలాడతాయి, నీళ్ళు రాని ఏడు అసలు కట్టవు. చెరువులో నీళ్ళు నిలిస్తే పొయ్యినవి కూడా మళ్ళీ కట్టుకోవచ్చు. పులికాట్‌లో రాజహంసల కోసం వెళ్తే మాత్రం కొంచెం ఆగు, వరద నీళ్ళకి సరస్సు లోతైపోయి వాటికి నిలబడి మేసే చోటు తగ్గుతుంది, నీళ్ళు తీసేకొద్దీ అటకానితిప్ప రోడ్డు పక్కకి వస్తాయి.

రింగుల పని చివర్న నేర్చుకునేది. ముందు పిట్టల్ని గుర్తుపట్టడం, లెక్కపెట్టడం, నీట్‌గా రాయడం రావాలి. ప్రతి జనవరిలో ఆసియా నీటిపక్షుల లెక్క జరుగుతుంది, 1987 నుంచి జరుగుతోంది, వాలంటీర్లతోనే నడుస్తుంది. కొత్తవాళ్ళని పాతవాళ్ళ పక్కన నిలబెడతారు, నువ్వు రాస్తూ ఉంటే వాళ్ళు చెప్తూ ఉంటారు, రెండు మూడు చలికాలాల్లో నువ్వే చెప్పడం మొదలుపెడతావు. అక్కడ నీ చేతిరాత, నీ ఓపిక చూసినవాళ్ళే తర్వాత రింగుల క్యాంపుకి పిలుస్తారు. నీ వయసుకి ఇంట్లోవాళ్ళ సంతకం అడుగుతారు. డిసెంబర్ మధ్యలో సూళ్లూరుపేట ఫారెస్ట్ ఆఫీసుకి అమ్మని తీసుకునే వెళ్ళి ఈసారి లెక్క ఏ రోజో అడుగు, పేరిచ్చి రా. టోపీ, నీళ్ళ సీసా, పెన్సిలు తీసుకెళ్ళు, పెన్ను వద్దు, తడిస్తే రాత పోతుంది.